వృత్తి: ఏమీ లేదు

కంట్రాక్టరు తరఫు లాయరు ఆ కాగితాన్ని జడ్జిగారి బల్ల మీద పెట్టేసరికి పన్నెండు కావస్తోంది. కోర్టు హాల్లో మూడు ఫ్యాన్లుంటే తిరిగేది ఒకటే, అదీ బెంచి క్లర్కు నెత్తి మీద. వెనక గోడవారగా పదకొండుమంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. కేసు వేసిన కుట్టుపనివాళ్ళు మొత్తం నలభై ముగ్గురు. మిగతావాళ్ళు రాలేదు. ఇది పదిహేడో వాయిదా, వాయిదాకి వస్తే ఆ రోజు కూలి పోతుంది. వాళ్ళ తరఫున వాదించే లాయరమ్మ ఫైలు తెరిచి లేచి నిలబడింది. తుది వాదన ఈ రోజన్నా మొదలవుతుందని ఆమె రాత్రంతా నోట్సు రాసుకుంది. అడ్డం వచ్చిన ఆ పెద్దమనిషి కూర్చుంటాడేమోనని చూసింది. ఆయన కూర్చోలేదు.

"కేసులోకి వెళ్ళేముందు చిన్న మనవి," అన్నాడు. చిన్న మనవి అని మొదలుపెట్టే లాయరు చేతిలో చిన్నది ఏదీ ఉండదు.

ఆ కాగితం పటాలం క్వార్టర్ల దరఖాస్తు. లాయరమ్మ భర్త అయిన సార్జెంటు పేరు, నంబరు, పిల్లలు ఎందరు, పెట్టెలు ఎన్ని. ఏడో గడిలో 'భార్య వృత్తి' అని అచ్చయి ఉంది. దాని ఎదురుగా నీలం సిరాతో 'ఏమీ లేదు' అని రాసి ఉంది. అడుగున భార్యాభర్తలిద్దరి సంతకాలు. అలాంటివి పది ఉన్నాయి, ఏడాదికొకటి చొప్పున.

ఆయన చెప్పింది ఇదీ. ఈవిడ తనకు ఏ వృత్తీ లేదని ఏటేటా ప్రభుత్వానికి రాసిచ్చి, భర్త మీద ఆధారపడ్డ మనిషిగా భత్యం పుచ్చుకుంటోంది. ఈ కోర్టుకొచ్చి లాయర్నని వకాలతు వేసింది. రెండూ నిజం కావడానికి వీల్లేదు. వృత్తిలో లేని మనిషి వేసిన వకాలతు చెల్లదు, అది చెల్లకపోతే దాని మీద నడిచిన కేసూ చెల్లదు. మళ్ళీ కొత్తగా వేసుకుందామంటే గడువు దాటి పద్నాలుగు నెలలైంది.

జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని కాగితం చదివారు. సంతకం మీదేనా అని అడిగారు. లాయరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. తన సంతకాన్ని తనే గుర్తుపట్టడానికి అంతసేపు పట్టడం ఆమెకే సిగ్గనిపించింది.

"నాదేనండీ. కానీ ఇది పటాలం ఆఫీసు బీరువాలో ఉండాల్సిన కాగితం. బట్టల కంట్రాక్టరు చేతికి ఎలా వచ్చిందో కూడా అడగాలి కదండీ."

"అడగాలి. అది వేరే సంగతి," అన్నారు జడ్జిగారు. "ముందు మీ సంగతి తేలనీండి. ఈ రెంటిలో ఏది నిజమో శుక్రవారం పదిన్నరకల్లా అఫిడవిట్ వెయ్యండి."

సోమవారం మధ్యాహ్నం ఆ మాటతో హాలు ఖాళీ అయింది. లాయరమ్మ మాత్రం ఫైలు కట్టకుండా నిలబడి లెక్క వేసుకుంది. నేను లాయర్ని అని రాస్తే భర్త పదేళ్ళపాటు పటాలానికి అబద్ధం రాసిచ్చినట్టు. అతను చేరి పదిహేడేళ్ళయింది, ఇంకో మూడేళ్ళు నిండితే పూర్తి పెన్షను. విచారణ పడితే అది దక్కుతుందో లేదో. నాకు వృత్తి లేదు అని రాస్తే నలభై ముగ్గురి కేసు ఆ క్షణానే చచ్చిపోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆమె క్లయింట్లకు చాలాసార్లు వర్ణించి చెప్పింది. లోపల ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఇది చాలదన్నట్టు, గోరుచుట్టు మీద రోకటిపోటులా, భర్తకు బదిలీ ఆర్డరు వచ్చి పది రోజులైంది. శనివారం సామాను లారీ వస్తుంది.

వరండాలో పదకొండుమందీ ఆమె చుట్టూ చేరారు. అందరికన్నా ముందు బొత్తాలక్క. ఆమె అసలు పేరు కోర్టు కాగితాల్లో తప్ప ఎవరికీ గుర్తులేదు. పద్నాలుగేళ్ళుగా పటాలం చొక్కాలకు కాజాలు తీసి బొత్తాలు కుట్టిన మనిషి. చొక్కాకి తొమ్మిది బొత్తాలు, తొమ్మిది కాజాలు. అన్నీ కుడితే వచ్చే కూలితో కోర్టు ఎదురుగా ఉన్న బడ్డీలో సగం కప్పు టీ ఇస్తారు. ఈ పద్నాలుగేళ్ళలో కంట్రాక్టరు షెడ్డు మీద బోర్డు మూడుసార్లు మార్చాడు. షెడ్డు అదే, మిషన్లు అవే, కంట్రాక్టరూ అతనే. బోర్డు మారినప్పుడల్లా కొత్త హాజరుపట్టీ కోసమని తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. చివరికి షెడ్డు మూసేసి, మీ సర్వీసు పదినెలలే, రావలసింది ఏమీ లేదు పొమ్మన్నాడు. ఆ తెల్లకాగితాల మీద అప్పటికి రాజీనామాలు పుట్టాయి. సర్వీసు మొత్తం ఒకటేనని తేలితే ప్రతి మనిషికీ ఏళ్ళ లెక్కన డబ్బు రావాలి. కేసంతా అదే.

లాయరమ్మ దాచలేదు. లోపల ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పింది. అది తన సంతకమేననీ, చదవకుండా పెట్టాననీ కూడా చెప్పింది.

బొత్తాలక్క ఆమె మొహం వంక చూసింది. "మేమంటే అక్షరం ముక్క రాక వేలిముద్రలేశాం," అంది. "చదువొచ్చిన మీరెందుకేశారమ్మా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలియక అడిగిన ప్రశ్న. అందుకే దానికి జవాబు చెప్పడం కష్టమైంది. కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దని ఆ ఊళ్ళో కనబడ్డవాళ్ళందరికీ చెప్పే మనిషి, అదే వరండాలో, తలొంచుకుని ఫైలుకి తాడు కట్టుకుంది.

బస్సులో కూర్చున్నాక కోపం వచ్చింది. ముందు తన మీద, తర్వాత అందరి మీద. పదకొండేళ్ళలో ఐదు ఊళ్ళు. లాయరు చదువు చదివి, మంచి మార్కులతో పాసై, బంగారంలాంటి సీనియర్ దగ్గర కుదురుకున్న రెండో ఏడాది పెళ్ళయింది. అప్పటినుంచీ ఊరు మారినప్పుడల్లా అంతా మళ్ళీ మొదలు. పాత ఊరి లాయర్ల సంఘం నుంచి పత్రం, కొత్త ఊరి సంఘానికి రుసుము, కార్డు రావడానికి ఐదారు నెలలు. ఆ ఐదారు నెలలూ ఎవరో ఒక సీనియర్ వెనకాల కూర్చుని పిటిషన్లు రాయడం, కింద ఆయన సంతకం పెట్టుకోవడం. ప్రతి ఊళ్ళో అడిగే మొదటి ప్రశ్న కూడా ఒక్కటే. మీవారు ఇక్కడ ఎన్నాళ్ళుంటారమ్మా? అది అడిగినవాడు మంచి కేసు ఇవ్వడు. చేతికి చిక్కిన కేసు కాస్త కదిలేసరికి బదిలీ. ఆమెకు చాలా కేసుల మొదళ్ళు తెలుసు, చివరలు తెలియవు. కూతురి చదువూ అలాగే ఏడిచింది. పదేళ్ళ పిల్ల, గుణకారం మూడు బళ్ళలో నేర్చుకుంది, భాగహారం ఏ బళ్ళోనూ నేర్చుకోలేదు. ఈ ఊళ్ళో మాత్రం ఏదో పొరపాటున మూడేళ్ళు నిలిచారు. ఈ ఒక్క కేసు తుది వాదన దాకా వచ్చింది.

క్వార్టర్ల గేటు దగ్గర కాపలా జవాను పాసు అడిగాడు. రోజూ చూసే మొహమే, అయినా అడగడం అతని ఉద్యోగం. పాసు మీద భర్త నంబరు వేలెడు అక్షరాల్లో, ఆమె పేరు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. ఆ రోజు దాన్ని అతనికి చూపించడానికి కూడా ఆమెకు చెయ్యి రాలేదు. బ్యాగులోంచి తీసి అతని బల్ల మీద పడేసి, మళ్ళీ తీసుకుని లోపలికి నడిచింది.

ఇంట్లో పందొమ్మిది రేకు పెట్టెలు గోడవారగా వరస కట్టి ఉన్నాయి. సార్జెంటు నేల మీద బాసింపట్టు వేసుకుని ఒక్కో పెట్టె మీదా తెల్లరంగుతో కొత్త ఊరి నంబరు వేస్తున్నాడు. పాత ఊళ్ళ నంబర్లు నల్లగా కొట్టేసి ఉంటాయి, ఒకదాని మీద ఒకటి. చేతిరాత మంచిది, అంకెలు అచ్చుగుద్దినట్టు వస్తాయి. అతను చెడ్డవాడు కాడు. తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటాడు, భార్య వాయిదా రోజున పొద్దున్నే లేచి అందరికీ టీ పెడతాడు. అందువల్లే అతనితో పోట్లాడటం ఆమెకు ఎప్పుడూ సగంలో ఆగిపోయేది.

విషయం విన్నాక బ్రష్షు డబ్బాలో పెట్టి, అతను మొదటి ఏడాది సంగతి గుర్తు చేశాడు. "ఆ రోజు నన్నేం చెయ్యమంటావు? బయట వాన. సామానంతా వరండాలో. మూడు నెలల పిల్ల నీ చంకలో జ్వరంతో ఉంది. వృత్తి రాస్తే యజమాని దగ్గర్నించి సర్టిఫికెట్ తెమ్మన్నాడు గుమాస్తా. లాయరుకి యజమానిని ఎక్కణ్నించి తేను? ఏమీ లేదని రాస్తే సాయంత్రానికి తాళాలిస్తానన్నాడు. రాశాను."

"ఆ రోజు సరే. మిగతా తొమ్మిదేళ్ళూ?"

"పాత కాగితం చూసి గుమాస్తానే ఎక్కించేవాడు. నువ్వూ సంతకం పెట్టావు."

అదీ నిజమే. అతను కాగితం తెచ్చేది ఆమె వంట దగ్గర ఉన్నప్పుడు. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించేవాడు. ఆమె తడిచెయ్యి తుడుచుకుని అక్కడ పెట్టేది. ఆధారపడ్డ భార్యకని నెలనెలా వచ్చే భత్యం పిల్ల బడి బస్సుకి సరిపోయేది. ఆ డబ్బు ఎందుకొస్తోందని ఆమె ఒక్కనాడూ అడగలేదు. కోర్టులో ఎదుటివాడి కాగితంలో కామా జారితే పట్టుకునే మనిషి.

కేసు ఇంకో లాయరుకి అప్పగించి తప్పుకోమన్నాడతను. తప్పుకుంటే పాత వకాలతు బతకదని ఆమె చెప్పింది. అతనికి అర్థం కాలేదో, అర్థమై కూడా ఒప్పుకోలేదో, మాట కాస్త పెరిగింది. వాళ్ళెవరికోసమో నన్ను రోడ్డు మీద నిలబెడతావా అన్నాడు. ఆమెకు అతని మీద జాలి వేసింది, ఆ జాలి మీద కోపం వచ్చింది. గది మూలన స్వెటరు అల్లుకుంటున్న అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆవిడా పటాలం మనిషి పెళ్ళామే. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పితే మా ఆయన నన్ను పదహారిళ్ళు తిప్పాడని అందరికీ చెప్పి నవ్వించేది. ఆ సాయంత్రం మాత్రం మళ్ళీ అల్లికలోకి తల వంచుకుంది.

బుధవారం మధ్యాహ్నం పటాలం భార్యల సంక్షేమ సమావేశం. వచ్చినా రాకపోయినా ఎవరిష్టం వారిదని నోటీసులో ఉంటుంది. హాజరుపట్టీ మాత్రం గుమ్మంలోనే ఉంటుంది. రెండు వారాలు రానివాళ్ళ భర్తలకు పై ఆఫీసులో చీవాట్లు పడేవి. కుర్చీలు కూడా భర్తల హోదా ప్రకారమే. ముందు మెత్తటి కుర్చీలు ఆఫీసర్ల భార్యలకు, వెనక ఇనప కుర్చీలు మిగతావాళ్ళకు. ఆ రోజు పని సరిహద్దు కాపలావాళ్ళకు మేజోళ్ళూ సబ్బులూ పొట్లాలు కట్టడం.

పెద్దమేడం అంటే పటాలం పెద్ద దొరగారి భార్య. గొంతు ఎన్నడూ పెంచని మనిషి. లాయరమ్మను పక్కకి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుంది, అదీ మెత్తటి కుర్చీలో.

"కాగితాలు బయటికి పొక్కడం మాకూ నచ్చలేదమ్మాయ్. అది దొరగారు చూసుకుంటారు. నీ సంగతి చూద్దాం. ఆ ఆడవాళ్ళ దగ్గర నువ్వు ఫీజు పుచ్చుకున్నావా?"

లేదని చెప్పింది లాయరమ్మ. గెలిస్తే ఇస్తామన్నారు. ఇప్పటిదాకా స్టాంపుల ఖర్చే.

"మరింకేం? డబ్బు రాని పని వృత్తెలా అవుతుంది? పేదవాళ్ళకి సాయం చేశాను, అది సేవేనని రాసెయ్. మీ ఆయనకీ గండం తప్పుతుంది. కంట్రాక్టరుతో దొరగారు మాట్లాడి, వాళ్ళకో నెల కూలి ఇప్పిస్తారు. నువ్వు శనివారం హాయిగా బండెక్కొచ్చు."

ఆవిడ నిజంగా మేలు చేస్తున్నాననుకునే అంటోంది. ఉత్తరం కూడా టైపు చేయించి ఉంచింది. సంతకం పెడితే చాలు. లాయరమ్మ ఆలోచించుకుంటానని చెప్పి వెనక ఇనప కుర్చీలోకి వెళ్ళి కూర్చుని మేజోళ్ళు మడతపెట్టింది. పక్కనున్నావిడ ఒకప్పుడు మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. ఆ పక్కావిడ లెక్కల టీచరు. చివరి కుర్చీలో ఉన్న చిన్నపిల్ల మొన్నటిదాకా రైల్వేలో ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక మానేసింది.

"మీ క్వార్టరు కాగితంలో ఏడో గడిలో ఏముంది?" అని కెమిస్టుని గుసగుసగా అడిగింది.

"ఏడో గడేమిటి?" అని ఒక్క క్షణం ఆలోచించి, ఆవిడ నవ్వింది. "ఏమీ లేదనే ఉంటుంది. అందరిదీ అంతేగా. మీరు ఆ సబ్బుల డబ్బా ఇటు తోయండి."

కంట్రాక్టరు చేత ఇప్పిస్తామన్న నెల కూలి సంగతి క్లయింట్లకు చెప్పకుండా దాచడం తప్పు. గురువారం పొద్దున్న లాయరమ్మ కుట్టుపనివాళ్ళ సందుకి వెళ్ళింది. బొత్తాలక్క ఇంటి ముందు బల్ల మీద ఎవరిదో పాత కోటు తిరగేసి కుడుతోంది. నెల కూలి మాట విని పక్కింటి ఆడవాళ్ళు కూడా పని ఆపి వచ్చారు. ఎవరికీ కోపం రాలేదు. నవ్వారు. పద్నాలుగేళ్ళకు నెల కూలంటే ఏడాదికి ఎన్ని రోజులవుతుందో లెక్క కట్టడానికి ప్రయత్నించి, కుదరక మానేశారు.

తర్వాత బొత్తాలక్క ఆ కోటు భుజాన వేసుకునే ఆమెను సందు చివరిదాకా సాగనంపింది. "మీ ఆయన ఉద్యోగం ఊడితే ఆ పాపం మాకొద్దమ్మా. మీకెలా వీలైతే అలా రాయండి. మేం ఇంకో పదేళ్ళు తిరిగినా అరిగేవి కాళ్ళేగా," అంది. కాస్త ఆగి, "ఏది రాసినా ఈసారి చదివి రాయండి," అని కోటులో గుచ్చిన సూది తీసి దారం ఎక్కించుకుంది.

అలా వదిలేస్తే తేలికగా ఉంటుందనుకుంది లాయరమ్మ. ఉండలేదు. వాళ్ళు తిట్టి ఉంటే ఏడ్చి, వాళ్ళకోసం రాశానని చెప్పుకునేది. పట్టుబట్టి ఉంటే వాళ్ళ మీద నెట్టేసేది. ఇప్పుడు నెట్టడానికి ఎవరూ లేరు. తిరిగొచ్చే దారిలో రెండిళ్ళ అవతల 'గది అద్దెకివ్వబడును' అని అట్టముక్క వేలాడుతుంటే ఆగి, అద్దె ఎంతో అడిగింది. ఎందుకు అడిగిందో అప్పటికి తనకే తెలియదు.

ఆ సాయంత్రం సార్జెంటు రెండు కాగితాలు తెచ్చాడు. ఒకటి పెద్దమేడం టైపు చేయించిన ఉత్తరం. రెండోది కొత్త ఊరి క్వార్టర్ల దరఖాస్తు. పటాలం గుమాస్తా అప్పటికే అన్ని గడులూ నింపేశాడు. ఏడో గడి కూడా. రెండింటినీ బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీసి పక్కన పెట్టాడు. తర్వాత ఆమె పుస్తకాల పెట్టె ముందు కూర్చుని రంగు డబ్బా తెరిచాడు. నంబరు వెయ్యాల్సిన చివరి పెట్టె అదే.

"దాని మీద రాయొద్దు," అంది ఆమె.

అతను తల తిప్పి చూశాడు.

"ఆ ఉత్తరం మీదా పెట్టను, ఆ దరఖాస్తు మీదా పెట్టను. రేపు నేను లాయర్నని రాస్తున్నాను. ఈ కేసు తేలేదాకా ఈ ఊళ్ళోనే గది అద్దెకు తీసుకుని ఉంటాను. పాప పరీక్షలు కూడా ఇక్కడే."

"ఉంటానంటే అయిపోయిందా? నా సంగతేమిటి?" అన్నాడతను. "పదిహేడేళ్ళు. ఇంకో మూడేళ్ళు కళ్ళు మూసుకుంటే గట్టున పడేవాళ్ళం. విచారణలో నేనేం చెప్పాలి?"

"వానలో రాశానని చెప్పండి. సంతకం నాదని కూడా చెప్పండి. ఆ భత్యం తిరిగి కట్టమంటే కడదాం. నేను అబద్ధానికి సంతకం పెట్టిన మాట నేనే రేపు రాసిస్తున్నాను."

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. వందమంది ఆడవాళ్ళున్నారు ఈ క్వార్టర్లలో. ఎవరికీ రాని కష్టం నీకే వచ్చిందా?"

అప్పుడు అత్తగారు అల్లిక పక్కన పెట్టి లేచింది. తన పెట్టె మూత తీసి, బట్టలన్నీ మంచం మీద వేసి, అడుగున పరిచిన పాత పేపరు కిందినుంచి నాలుగు మడతలు పడ్డ కాగితం తీసింది. నర్సు పరీక్ష పాసైన సర్టిఫికెట్. మడతల దగ్గర చిరిగింది. కొడుక్కి తల్లి చదువుకుందని తెలుసు, పరీక్ష పాసైందని తెలియదు.

"పదహారిళ్ళలోనూ ఇది నా పెట్టెలోనే ఉందిరా అబ్బాయ్," అందావిడ. "ఎక్కడా నాలుగు నెలలు మించి చెయ్యలేదు. మీ నాన్నా ఆ గడిలో ఏమీ లేదనే రాసుంటాడు. నేనెప్పుడూ చూడలేదు." ఆవిడ ఏడవలేదు. బట్టలు మళ్ళీ సర్దుకుంటూ, పిల్ల పరీక్షలయ్యేదాకా తను కోడలి దగ్గరే ఉంటానని, మోకాళ్ళ నొప్పులతో ఇక లారీ ఎక్కలేనని చెప్పింది.

సార్జెంటు బ్రష్షు పెట్టెకి ఆనించలేదు. బ్రష్షు మీద రంగు ఎండి గట్టిపడింది. చివరికి డబ్బా మూత పెట్టి, గుమాస్తా నింపిన దరఖాస్తును రెండుగా మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఉత్తరం బల్ల మీదే వదిలేశాడు.

శుక్రవారం లాయరమ్మ వేసిన అఫిడవిట్ ఆరు వాక్యాలు. నేను పదమూడేళ్ళుగా న్యాయవాదిని. నా భర్త పటాలానికి ఇచ్చిన కాగితాల్లో రాసింది నిజం కాదు. వాటి మీద సంతకాలు నావే. చదవకుండా పెట్టాను. దానికి శిక్ష ఉంటే అది నాది, నా క్లయింట్లది కాదు. ఈ కేసులో నేను వేసిన వకాలతు నిజం. దీని పర్యవసానం మీకు తెలుసు కదా అని జడ్జిగారు అడిగారు. తెలుసండీ అంది. గోడవారగా ఆ రోజు ఇరవై ఆరుమంది నిలబడి ఉన్నారు. జడ్జిగారు వకాలతు సంగతి రెండు వారాలకు వాయిదా వేసి, అఫిడవిట్ నకలు పటాలానికి పంపమన్నారు. వకాలతు నిలుస్తుందని గాని నిలవదని గాని ఒక్క మాట అనలేదు. కంట్రాక్టరు లాయరు పోతూ పోతూ, ఎంత పనిచేశారమ్మా అన్నాడు, నిజంగానే బాధపడుతున్నట్టు. సాయంత్రానికి సార్జెంటుకు విచారణ నోటీసు వచ్చింది. బదిలీ మాత్రం ఆగలేదు. కొత్త ఊళ్ళో చేరాకే విచారణకు హాజరు కావాలట.



శనివారం ఎనిమిదింటికే లారీ వచ్చింది. ఇద్దరు జవాన్లు పెట్టెలెత్తారు. మంచాలు వెళ్ళాయి, సార్జెంటు పెట్టెలు వెళ్ళాయి. వంటసామాను సగం వెళ్ళింది, సగం మెట్ల మీద ఆగింది. అత్తగారి పెట్టె, పిల్ల పెట్టె, నంబరు లేని పుస్తకాల పెట్టె అక్కడే ఉన్నాయి. అత్తగారు తన పెట్టె మీద కూర్చుని స్వెటరు అల్లుకుంటోంది. ఎదురు క్వార్టర్లలో కిటికీలు తెరుచుకున్నాయి. కెమిస్టు తన గుమ్మంలో చీపురు పట్టుకుని, ఊడ్చిన చోటే ఊడుస్తోంది.

సార్జెంటు పిల్ల తల నిమిరి, తల్లికి చెప్పి, భార్య వైపు ఒకసారి చూసి, లారీ ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. అప్పుడు ఒక జవాను కాగితం పట్టుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"సంతకం మర్చిపోయారమ్మా. కొత్త ఊరి దరఖాస్తు. మీరు అక్కడికి రాకపోయినా, ఇంటావిడ సంతకం లేనిదే లారీని గేటు దాటనివ్వరు. ఎప్పుడూ ఉండేదే, ఇక్కడ పెట్టేస్తే చాలు," అని వేలితో చూపించాడు.

ఆమె కాగితం అందుకుంది. గురువారం గుమాస్తా నింపింది కాదు. కొత్త కాగితం. అక్షరాలు సార్జెంటువి. పెట్టెల మీద అంకెల్లాగే ఒక్కొక్కటీ విడివిడిగా, అచ్చుగుద్దినట్టున్నాయి. ఆమె లారీ వైపు చూసింది. అతను రోడ్డు వైపు చూస్తున్నాడు.

ఆమె పెన్ను తీసుకోలేదు. పుస్తకాల పెట్టె మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. ఒకటో గడి. రెండో గడి. డ్రైవరు హారన్ కొట్టాడు. జవాను ఆమెకేసీ లారీకేసీ చూసి, తొందరగా కానివ్వండమ్మా అన్నాడు. హారన్ రెండోసారి మోగింది. లారీలోంచి సార్జెంటు ఏదో అన్నాడు, మాట వినబడలేదు. ఇంజను ఆగింది.

ఆరో గడితో మొదటి పేజీ అయిపోయింది. ఏడో గడి వెనక పేజీలో ఉంది. ఆమె కాగితం తిప్పింది.